క్రీస్తు సద్గుణములును మన నిత్యాభ్యాసమును

శ్రీశైల శిఖరమును ఒక్కమాఱు కన్నులార జూచినవారికి మఱల జన్మము లేదని మన పెద్దలు చెప్పుదురు. నేటికిని శిఖరేశ్వరమునొద్ద యాత్రికులు నంది వెనుక నిలిచి, దాని కొమ్ముల నడుమనుండి ప్రధానాలయ శిఖరము గానవచ్చునేమో యని ఆతురతతో జూచుచుందురు. ఈ విశ్వాసమును బరిహసించుట మా యుద్దేశము గాదు. కాని యొక్క సంగతి గమనింపదగియున్నది. ఆ చూపు చూచుటకైనను మానవుడు నల్లమల నెక్కవలెను. నేడు దోర్నాల మీదుగా బస్సులు పోవుచున్నవి గాని, పూర్వము ఆత్మకూరు దాటి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను గడచి కాలినడకను బోవలసియుండెను. 14వ శతాబ్దిలో రెడ్డిరాజగు ప్రోలయ వేమారెడ్డి ఆ కొండకు మెట్లు కట్టించెను. ఆ శతాబ్దాంతముననే విజయనగర ప్రభువగు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు దిగుటకు సోపానములు గట్టించెను. శిఖరదర్శన మహిమను నమ్మినవారే యీ మెట్లను గూడ గట్టించిరి. చూపొకటి చాలునని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు.

యేసు బోధించిన సద్గుణముల విషయమున, విద్యావంతులమని చెప్పుకొను మన నడవడి దీనికి విరుద్ధముగా నున్నదని మాకు దోచుచున్నది. కొండమీది ప్రసంగమును ఒకమాఱైనను జదువనివారు మనలో నరుదు. శత్రువును ప్రేమింపవలెనను మాట సభలో వినబడినప్పుడు తలయూపనివారు అంతకంటె నరుదు. సభ ముగిసి యింటికి వచ్చినతోడనే, పాలు పోయువాడు అరగంట యాలస్యము చేసెనని వానిపై మండిపడుదుము. ఆ రెండు పనులకును నడుమ విరోధమున్నదని యైనను మనకు దోపదు. మంచిమాటను మెచ్చుకొనుటయే ఆ మంచిని సంపాదించుటయని భ్రమపడుచున్నాము. చదువుకొన్నవారికి ఈ భ్రమ మఱింత సులభము; ఏలయన, మెచ్చుకొనుటకు వలసిన మాటలు వారియొద్ద సమృద్ధిగా నుండును.

ఇవి క్రైస్తవుల గుణములు గదా, మనకేల యని కొందఱును, ఇవన్నియు మన శాస్త్రములలో నున్నవే గదా, క్రొత్తగా నేర్వనేల యని మఱికొందఱును అడుగుదురు. ఇరువురికి నొకటే ఫలము: ఇరువురును నేర్వరు. 1820లో రాజా రామమోహనరాయలవారు సువార్తలలోని మహిమలను, మతసిద్ధాంతములను విడిచి, నీతిబోధలను మాత్రమేర్చి యొక గ్రంథముగా బ్రకటించిరి. శ్రీరామపురపు మిషనరీలు, అందు ముఖ్యముగా మార్ష్‌మన్ దొర, దీనికి గోపించిరి. క్రీస్తు దైవత్వమును విడిచి క్రీస్తు నీతిని గైకొనుట తగదని వారి వాదము. స్వదేశమున పూర్వాచారపరులకు రాయలవారు అదివఱకే కంటకులైయుండిరి. ఇటు వారును అటు వీరును కోపింపగా, ఆయన ఏ గ్రంథమున దొరకిన మంచియైనను ఆచరించువానిదే యని నిలిచిరి. మన సీమయందే చూడుడు. 1866లో కఱవు వచ్చినప్పుడు కర్నూలు సీమలోని ఉయ్యాలవాడయందు బుడ్డా వెంగళరెడ్డిగారు అంబలి కాచించి వేలమందికి బోసి ప్రాణములు నిలిపిరి. విక్టోరియా రాణి పేర ఆయనకు బంగారు పతకము వచ్చెను. ఆయన క్రైస్తవులు గారు. ఆ యంబలి త్రాగినవారు అది యే మతపు గుణమని విచారించియుండరు.

అయినను క్రీస్తు బోధలో మనకు మింగుడుపడని సంగతులు కొన్ని గలవు. దానము చేయుట మనకు దెలియును. కుడిచేయి యిచ్చినది ఎడమచేయికి దెలియకుండ నిచ్చుట తెలియదు. క్షమించుట తెలియును, మఱల మఱల, లెక్కపెట్టక క్షమించుట తెలియదు. పెద్దలకు పాదసేవ చేయుట మన కుటుంబములలో నున్నది; గురువే శిష్యుల పాదములు గడుగుట, అనగా పైవాడు క్రిందివానికి సేవచేయుట, మన యిండ్లలో నెచ్చటను గానరాదు. మేము క్రీస్తు సద్గుణములనునది ముఖ్యముగా వీనిని. ఇవి కథలలో వినుట కింపుగా నుండును. ఇంటిలో మిక్కిలి కష్టముగా నుండును.

బుద్ధిపూర్వకముగా నభ్యసించిన గుణము కృత్రిమము గదా, హృదయమునుండి తనంత వచ్చినదే నిజమైన గుణము గదా యని మా మిత్రుడొక డాక్షేపించెను. ఈ యాక్షేపమును దోసిపుచ్చరాదు. కాని మన మెట్టపొలముల రైతు నడుగుడు. అతడు వేసవిలో, ఆకాశమున మబ్బుతునక లేని దినములలో, నెఱ్ఱెలు బాసిన నల్లరేగడిని దున్నును. వాన గురిపించుట వాని చేతిలో లేదు. కురిసిన వాన పొలమున నింకునట్లు చేయుట వాని చేతిలో నున్నది. దున్నని నేలపై బడిన వాన, తనతోబాటు మంచి మన్నును గూడ గొట్టుకొని వంకలో గలియును. ప్రేమ తనంత తాను వచ్చునని కాచుకొనియుండువాని స్థితియు నిదియే. ఎప్పుడో యొకనాడు వానికిని ఆర్ద్రభావము కలుగును. ఒక కీర్తన విన్నప్పుడో, ఒక శవమును చూచినప్పుడో కన్నీరు వచ్చును. ఆ నీరు నిలుచుటకు లోపల దుక్కి లేదు.

అభ్యాసమునందును ఉచ్చులు లేకపోలేదు. అమెరికా దేశస్థుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) పదమూడు గుణముల నెంచుకొని, చిన్న పుస్తకమున గళ్లు గీసి, వారమున కొక గుణము చొప్పున శ్రద్ధతో నభ్యసించెను. తప్పిన దినమున నల్లచుక్క పెట్టుకొనెను. పదమూడు వారముల కొక యావృత్తి, సంవత్సరమునకు నాలుగావృత్తులు. మొదట నతడు వ్రాసికొన్నవి పండ్రెండే. నీవు గర్విష్ఠివని లోకులనుకొనుచున్నారని యొక మిత్రుడు చెప్పగా వినయమును జేర్చి, దాని క్రింద యేసును సోక్రటీసును అనుసరింపవలెనని వ్రాసికొనెను. తుదకు వార్ధకమున, గర్వమును పూర్తిగా జయించితినని తలచినను, ఆ వినయమును గూర్చియే గర్వింతునేమో యని యొప్పుకొనెను. ఆయన ముద్రణాలయమును నడపిన వ్యాపారి. గుణములను గూడ చిట్టాకెక్కించెను. మాకు ఆ పద్ధతి పూర్తిగా రుచింపదు. కాని, నల్లచుక్క పెట్టుకొన్నవానికే తన గర్వము కానవచ్చెను. పుస్తకమే లేని మనకు గర్వమున్నదని యైనను దెలియుట లేదు.

మా తప్పిదమొకటి యిచ్చట చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా యింట బనిచేయు యువకుడొకడు అలమరలో నుంచిన సొమ్ము కొంత దీసెను. విచారింపగా నొప్పుకొనెను, తల్లికి మందుల కొఱకని యేడ్చెను. ఆ సమయమున మా యింట బంధువులు నలుగు రుండిరి. మేము వారియెదుట, క్షమాగుణమును గూర్చి రెండు మాటలు చెప్పి, క్షమించితిమి పొమ్మంటిమి. బంధువులు మమ్ము చాల గొనియాడిరి. ఆ రాత్రి మాకు సుఖముగా నిద్ర పట్టెను. మఱుసటి వారము ఆ యువకుడు చెప్పకుండ బని మానెను. ఎంత కృతఘ్నుడని మొదట ననుకొంటిమి. చాలకాలమునకు గాని మేము చేసిన పని మాకు దెలియలేదు. అతని తప్పు మా యిద్దఱికిని మాత్రమే తెలిసినది. దానిని నలుగురికి జూపి, దానిపై మేము నిలుచుండి, క్షమాపీఠముగా జేసికొంటిమి. దొంగతనమునకు శిక్ష వేసియున్నచో అతడు సహించియుండునేమో. ఆ క్షమను సహింపలేకపోయెను.

అప్పటినుండి మేమొక చిన్న నియమము పెట్టుకొంటిమి. ఒకని తప్పును మూడవవాని యెదుట నెత్తరాదు. క్షమించితిమను మాట నోటితో ననరాదు. క్షమించిన మఱునాడు ఆ మనుష్యునకు మునుపటి పనియే, మునుపటి తాళపుచెవియే యియ్యవలెను. వ్రాయుటకు స్వల్పముగా నున్నది. ఆ తాళపుచెవి యిచ్చునప్పుడు చేయి యెట్లు వెనుకకు లాగుకొనునో చేసినవారికి దెలియును. చదువరులలో నింటిపెద్దలైనవారు దీనిని పదిదినములు చేసిచూడవలెనని కోరుచున్నాము. మేము చేసిన మొదటి పదిదినములలో నాలుగు దినములు తప్పితిమి.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో జదివిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు (1862–1939) క్రైస్తవ మతమును స్వీకరింపలేదు. కాని యక్కడ విన్న శుచిత్వమును, దయను ఉపన్యాసములకు మాత్రమే వినియోగింపక, అనాథలను, నిమ్నజాతులనబడినవారి బిడ్డలను తన యింటనే పెట్టుకొని పెంచిరి. వారి యుపన్యాసములను పొగడువారు నేటికిని గలరు. ఇంటిలోనికి బిడ్డను దెచ్చుకొన్నవారు తక్కువ.

జనులు చూడ క్షమించుట యెట్టిదో, ప్రతిఫలము గోరి పెట్టుటయు నట్టిదే. 1876–78 సంవత్సరముల ధాత కఱవు మన సీమ యింకను మఱువని కఱవు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు మాడిపోయెను. 1871 జనగణనకును 1881 జనగణనకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గెననిన, ఎన్ని యిండ్లలో దీపము పెట్టువారు లేకపోయిరో యూహింపవచ్చును. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరమునొద్ద బుట్టిన గుండ్లకమ్మ కొండకు దూర్పున ఒంగోలు సీమకు బాఱును. అచ్చట నమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పనిని గుత్తకు దీసికొని కఱవుజనులకు గూలి గల్పించెను. కడుపు నిండినవారు వేలకొలది బాప్తిస్మము గోరి వచ్చిరి. ఆయన యియ్యలేదు. అన్నము కొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై చాల నెలలు నిలిపెను. పిదప 1878 జూలై 3వ తేదిన ఆ గుండ్లకమ్మ యొడ్డుననే వెల్లంపల్లియొద్ద ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మియ్యబడెను.

ఈ కథను రెండు విధముల జదువవచ్చును. కఱవులో బెట్టిన చేయిని కఱవు తీఱినంతమాత్రమున జనులు మఱతురా, ఆ ఋణభావమే వారిని నదికి దీసికొనిపోలేదా యని యడుగువారు గలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మాయొద్ద సులభమైన యుత్తరము లేదు. ఊరి కట్టుబాట్లలో నణగియున్నవారికి వేఱు కారణములును ఉండెననుట గూడ సత్యమే. కాని మా దృష్టి యా నడిమి నెలలమీద నిలుచుచున్నది. సముద్రములు దాటి, జీవితమంతయు ధారవోసి, యే ఫలమును గోరెనో ఆ ఫలమే చేతికి వచ్చి నిలిచినది. దానిని బుచ్చుకొనక చేయి వెనుకకు దీసెను. ఆయన సిద్ధాంతము మాకు సమ్మతము గాదు. ఆ చేయి వెనుకకు దీయుట మాకు గురుతుండవలెను.

ఏలయన, మన దానములలో నట్టి విరామ మెక్కడ నున్నది? పంట పోయిన యేట రైతు కప్పిచ్చి, మఱుసటి యేట వాని ధాన్యము మనకే యమ్మవలెనందుము. కూలివాని కూతురి పెండ్లికి సాయముచేసి, వాని కొడుకును పసులగాపరిగా బిలిపింతుము. ఎన్నికల నాటికి పాత యుపకారములన్నియు జ్ఞప్తికి వచ్చును. సత్రమున కొక గది కట్టించి, గది పొడవునకు సరిపడు పలకపై తండ్రిపేరు చెక్కింతుము. కడుపు నిండినవానినుండి మనము కోరునది బాప్తిస్మము గాకపోవచ్చును. ఏదో యొకటి కోరుచునే యున్నాము, నిలిపి చూడము.

ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు వేలకొలది మన యూళ్ల మీదుగా శ్రీశైలమునకు నడచివత్తురు. బస్సులున్న యీ కాలమునను వారు నడచియే వత్తురు. బొబ్బలెక్కిన పాదములతో, మల్లయ్యను బిలుచుచు, ఎండలో నల్లమల దారి బట్టుదురు. త్రోవపొడుగున చలివేంద్రములు వెలయును. మజ్జిగ, అంబలి, అన్నము పెట్టువారు కొల్లలుగా నుందురు. మా గ్రామమునను నొక చలివేంద్రము గలదు. అచ్చట నీరు పోయువాడు కులమడుగడు, త్రాగువాడు చెప్పడు. నాలుగు గ్లాసులు వేయిమంది పెదవులకు దగులును. కొండపైకి బోయిన పిదప యాత్రికుడు తన చేతితోనే మల్లికార్జున లింగమును ముట్టి పూజించు స్పర్శదర్శనము చిరకాలపు టాచారము. దూరమునుండి దండము పెట్టించి పంపు దేవుడు గాడు మల్లయ్య. అస్పృశ్యులనబడినవారికి మాత్రము ఆలయద్వారములు దెఱచుటకు చట్టము గావలసివచ్చెను: మద్రాసు రాజధానిలో 1939లో నొకటి, 1947లో మఱియొకటి. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణముచేత నస్పృశ్యతనే రద్దు చేసెను.

చట్టము ఆలయద్వారమువఱకు రాగలదు, హోటలువఱకు రాగలదు. మా యింటి వెనుకటి పంచలోనికి రాదు. లింగమును ముట్టి వచ్చిన చేతితోనే మేము పొలము కూలివానికి నీటిని ఎత్తి దోసిట బోయుచుంటిమి. ఉగాది నాడు త్రోవన బోవు పరాయివానికి గ్లాసిచ్చి, ఏడాది పొడవున మా చేను దున్నువానికి దోసిలి. ఇది మాకు ఇన్నియేండ్లు వింతగా దోపలేదు. మా పంచ చూరున నొక కొబ్బరిచిప్ప చెక్కియుండెడిది. మా తాతగారి కాలమునాటిది. కాఫీ యిచ్చునప్పుడు దానిని దింపెడివారు. చిన్నతనమున మేము దానిని ముట్టబోగా మా నాయనమ్మ చేయి పట్టుకొని లాగినది గురుతున్నది. శత్రువును ప్రేమించుటను గూర్చి వ్రాయు మాకు ఆ చిప్ప కంటబడకుండుటకు గారణమేమని యాలోచించితిమి. శత్రువు ఎప్పుడో గాని రాడు. చిప్ప దినదినమును అక్కడనే యున్నది. దినదినము నున్నది కంటికి గానరాదు. అందుచేతనే సద్గుణమును వెదకుటకు గూడ నొక గంట నియమించుకొనవలెనని మేమనుచున్నాము: ప్రొద్దున లేచి, నేడు మన యింటికి వచ్చువా రెవరు, వారెక్కడ కూర్చుందురు, దేనితో త్రాగుదురు, వారిని ఏమని పిలుతుమని యొక్కమాఱు తలచుకొనుట. ప్రార్థన చేయువారు దీనిని ప్రార్థనలో జేర్చుకొనవచ్చును. చేయనివారు ఊరక తలచుకొనవచ్చును.

ఈ వేసవి మొదట మేము ఆ చిప్పను పాఱవేసితిమి. ఇంటిలో వాదము జరిగెను. దానిని వ్రాయనక్కఱ లేదు. మా పొలమున ముప్పదియేండ్లుగా బనిచేయుచున్న వృద్ధుడు మధ్యాహ్నము పంచలోనికి వచ్చినప్పుడు, మేమే స్టీలుగ్లాసుతో నీరు దెచ్చి చేతికందించితిమి. అతడు గ్లాసు వంక చూచెను గాని తీసికొనలేదు. రెండు చేతులు చేర్చి దోసిలి పట్టెను.

“ఇట్లనే పొయ్యండి సామీ. దోసిట్లోనే చల్లగుంటాయి” అనెను.

మేము పోసితిమి. వేఱేమి చేయవలెనో తోపలేదు. బలవంతము చేసినచో, క్షమను నలుగురియెదుట వానికి గట్టినట్లే, సమానత్వమును ఇతనికి గట్టినవార మగుదుము. మఱునాడును గ్లాసు దెచ్చితిమి, మఱునాడును దోసిలియే. మూడవనాడు మేమును అదే గ్లాసుతో అతని ప్రక్కన నిలిచి త్రాగి, మఱల నింపి యిచ్చితిమి. అతడు నవ్వెను, తీసికొనలేదు. ఎండ ముదురుచుండెను, పొలముపని తగ్గుచుండెను, అయినను అతడు వచ్చుట మానలేదు, మేము గ్లాసు దెచ్చుట మానలేదు.

పదునొకండవనాడు దానిని చేత బుచ్చుకొనెను. కొంతసేపు అటునిటు త్రిప్పి చూచెను. పిమ్మట ఆ నీటిని తన దోసిటిలోనే బోసికొని త్రాగి, తొట్టియొద్దకు బోయి, గ్లాసును మట్టితో రెండుమాఱులు తోమి కడిగి, అరుగుపై బోర్లించి, పొలమునకు వెడలిపోయెను.